మెడ మీది నలుపు

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి నాలుగు రోజులుగా నా బల్ల మీదనే ఉంది. గుంటూరు జిల్లాలో ఒక ఊరినుంచి ఒక సోదరి వ్రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు కనక వేయడం లేదు. ఆవిడా, ఆవిడ భర్తా ఇద్దరూ ఉద్యోగస్థులే. కొడుకు తొమ్మిదో తరగతి. పద్నాలుగో ఏడు నడుస్తోంది, బరువు 71 కిలోలు. ఆర్నెల్ల క్రితం వాడి మెడ వెనక నల్లగా, మందంగా ఒక పట్టీలాగా కనిపించిందట. స్కూలు దుమ్మూ చెమటా కాబోలుననుకుని ఆవిడ ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి తోమారు. శనగపిండిలో పెరుగు కలిపి తోమారు. నిమ్మచెక్క కూడా అయింది. పిల్లవాడు ఏడ్చేదాకా తోమినా అది వదలలేదు. ఈ మధ్య జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకువెడితే, ఆయన జ్వరం మాట అలా ఉంచి, చొక్కా కాలరు పక్కకి తీసి మెడ చూచి, రక్తపరీక్ష వ్రాశారట. హెచ్‌బిఏ1సి 5.9 వచ్చింది. అంటే చక్కెర జబ్బు ఇంకా ఇంట్లోకి రాలేదు. గుమ్మంలో నిలబడి ఉందన్నమాట. లివరులో కొవ్వు కూడా చేరిందన్నారు.

"రాత్రిళ్ళు ఏం తింటాడమ్మా?" అని డాక్టరు అడిగితే ఆవిడ దాచకుండా చెప్పారు, వారానికి నాలుగు రాత్రులు ఫాస్ట్ ఫుడ్ అని. "కన్నతల్లివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?" అన్నారట ఆయన. ఇంటికి వచ్చాక అత్తగారు, "ఉద్యోగాల కోడళ్ళు వస్తే ఇళ్ళు ఇలాగే ఉంటాయి" అన్నారు. వారి శ్రీవారు, "రేపటినుంచి తెల్లవారగట్ల గ్రౌండుకి తోలు, పరుగెత్తితే అదే కరుగుతుంది" అని తీర్పు చెప్పి ఫోన్ చూసుకోవడంలో పడ్డారు. "తప్పు నాదేనా? మీరు చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

తప్పు సంగతి తరువాత. మొదట మెడ సంగతి చెప్పాలి. ఎంచేతంటే ఈ పేజీ చదివే తల్లులలో ఇంకా కొందరు ఈ ఆదివారం కూడా సున్నిపిండి తీసుకుని కూర్చుంటారు. ఆ నలుపు మట్టి కాదు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండల్లోకీ, లివరులోకీ పంపించే పని ఇన్సులిన్‌ది. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, క్లోమం మరికాస్త తయారు చేస్తుంది. అదీ వినకపోతే ఇంకా ఎక్కువ. అలా రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైపోయినప్పుడు మెడ వెనకా, చంకల్లోనూ, ఒక్కొక్కరికి వేళ్ళ కణుపుల మీదా చర్మం నల్లబడి, మందమై, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలాగా ఉంటుంది. ప్రతి నలుపూ ఇదే అని కాదు, వేరే కారణాలూ ఉంటాయి. అది డాక్టరు తేల్చాలి గాని సున్నిపిండి తేల్చదు. పిల్లవాడు బరువెక్కుతూ మెడ నల్లబడుతూంటే తోమడం మాని ఒక్క రక్తపరీక్ష చేయించండి. హెచ్‌బిఏ1సి 5.7 లోపల ఉంటే మంచిది, 5.7 నుంచి 6.4 దాకా హెచ్చరిక, 6.5 నుంచీ జబ్బే. ఈ సోదరి కొడుకు 5.9 దగ్గర ఉన్నాడు. అక్కణ్ణించి వెనక్కి రావచ్చు. ఆ వయసులో మరీ సులువుగా రావచ్చు.

వీడొక్కడే కాడు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతటా లక్షా పదమూడు వేలమంది పెద్దవాళ్ళను పరీక్షించి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు మన దేశంలో 10 కోట్లు దాటారు. గుమ్మంలో నిలబడి ఉన్నవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షలు.

ఇక ఫాస్ట్ ఫుడ్. ఈ మాట ఇంగ్లీషువాళ్ళ నోట ఒక అర్థంలో పుట్టింది, మన ఊళ్ళలో మరో అర్థంలో స్థిరపడింది. అమెరికాలో 1948లో, కాలిఫోర్నియా రాష్ట్రంలో సాన్ బెర్నార్డినో అనే ఊళ్ళో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు తమ హోటలు కొన్నాళ్ళు మూసివేసి, వడ్డించేవాళ్ళను తీసేసి, తినే పదార్థాల జాబితా తొమ్మిదికి కుదించి, వంటను ఫ్యాక్టరీలో పనిలాగా ముక్కలు ముక్కలుగా పంచి మళ్ళీ తెరిచారు. ఆ పేరుగల హోటలు మన దేశంలో, ఢిల్లీలో, 1996లో తెరిచారు. కాని బాపట్లలోనో, భీమవరంలోనో, కరీంనగరంలోనో ఒక కుర్రవాణ్ణి ఆపి "ఫాస్ట్ ఫుడ్ ఎక్కడ?" అని అడగండి. బన్నూ మాంసమూ దొరికే చోటు చూపించడు. నాలుగు చక్రాల బండీ, ఎర్ర అక్షరాల బోర్డూ, గుర్రుమని మోత పెట్టే గ్యాసు పొయ్యీ చూపిస్తాడు. ఫాస్ట్ ఫుడ్ అంటే మనకి ఫ్రైడ్ రైసూ, నూడుల్సూ, మంచూరియా. చైనావాడు వచ్చి చూస్తే ఇది మాది కాదంటాడు. మంచూరియా పుట్టింది బొంబాయిలో, 1970ల్లో, అక్కడి చైనా వంటవాడొకాయన చేతిలోనని చెబుతారు. పక్కనే వేగే చికెన్ 65 మదరాసు సరుకు.

మా వీధి మొగలో కూడా ఒక బండి ఉంది. ఉత్తరం చదివిన మర్నాడు సాయంత్రం వెళ్ళి, ఒక కుర్చీ వేయించుకుని గంటసేపు కూర్చున్నాను. బండి అతను శ్రీకాకుళం వైపు మనిషి, ముప్ఫయ్యేళ్ళు ఉంటాయి. హైదరాబాదులో హోటల్లో గిన్నెలు కడుగుతూ మూకుడు పట్టడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నమే అన్నం పలుకుగా వార్చి, బల్ల మీద ఆరబోస్తాడు. నూడుల్సు ఉడికించి, అంటుకోకుండా నూనె రాస్తాడు. క్యాబేజీ, క్యారెట్టు దారాల్లాగా తరిగి పెడతాడు. సాయంత్రం ఆరింటికి మంట పెద్దది చేసి, మూకుట్లో నూనె గరిటెతోనే పోస్తాడు, చెంచాతో కాదు. గుడ్డు, ముక్కలు, అన్నం, ఉప్పు, మిరియాలపొడి, రెండు సీసాలలోంచి రెండు నల్ల ధారలు, తెల్లపొడి చిటికెడు. మూకుడు రెండు చేతులా పట్టి నాలుగుసార్లు ఎగరేస్తే ప్లేటు తయారు. గడియారం పెట్టుకుని చూశాను, చెప్పినప్పటినుంచి చేతికి వచ్చేసరికి మూడు నిమిషాలు. ట్యూషను సంచీ భుజాన వేసుకుని నిలబడ్డ ఒక కుర్రవాడు ఆ ప్లేటు పూర్తి చేయడానికి ఆరు నిమిషాలు కూడా పట్టలేదు.

"నూనె కాస్త తగ్గించరాదా బాబూ?" అన్నాను.

"తగ్గిస్తే మెతుకు మెతుకు విడదండి. విడకపోతే పక్క బండి కాడికి పోతారండి" అన్నాడు. వాదించడానికి ఏముంది అందులో? అతను రాత్రి పదకొండింటికి బండి కట్టేసి ఇంటికి వెళ్ళి ఏం తింటాడో కూడా అడిగాను. "మా ఆవిడ చారన్నం పెడతాదండి. రోజంతా ఈ వాసన, ఇది నోట్లోకి పోదండి" అన్నాడు.

ఇందులో విషం ఏదని చాలామంది నన్ను అడుగుతూంటారు. నూటికి తొంభైమంది తెల్లపొడి వంక వేలు చూపిస్తారు. అజినమోటో అని మనం పిలిచే ఆ పొడిలోని రుచిని 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచులోంచి వేరుచేశాడు. ఆ రుచి టమాటాలోనూ సహజంగా ఉన్నదే. చిటికెడు వేస్తే ఒళ్ళు పాడవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అందరూ దాన్ని తిట్టుకుంటూ పక్కనున్న ఉప్పును వదిలేశారు. పెద్ద చెంచాడు సోయా సాసులో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. మనిషికి రోజు మొత్తానికి అయిదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎర్రరంగు మాట వేరు. కర్ణాటక ప్రభుత్వం 2024లో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించింది. అదే ఏడు తెలంగాణలో పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును ఏడాదిపాటు ఆపించారు. అవి మంచి పనులే. కాని రంగు తీసేసినంతమాత్రాన ఆ ప్లేటు ఆ పిల్లవాడికి మేలు చేసేది కాదు.

అసలు చిక్కు ఆ ఆరు నిమిషాలలో ఉందని నా నమ్మకం. నమ్మకమంటే ఊరికే కాదు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనాలయంలో ఇరవైమందిని నెల్లాళ్ళు అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండీ, రెండు వారాలు మామూలుగా వండిన తిండీ పెట్టారు. 2019లో ఆ ఫలితం ప్రకటించారు. రెండు తిండ్లలోనూ ముందు పెట్టిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్ళు తమకు తెలియకుండానే రోజుకి సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. రెండో తిండికి మార్చగానే అంతే తగ్గారు. తేడా ఎక్కడంటే, ఆ మెత్తటి తిండిని వాళ్ళు గబగబా తిన్నారు. బండి మీది ఫ్రైడ్ రైసు ఫ్యాక్టరీలో చేసినది కాదు, నిజమే. కాని నమలవలసిన పనిలేకపోవడంలో దానికీ దీనికీ చుట్టరికం ఉంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. కబురు వచ్చేసరికి ప్లేటు ఖాళీ, రెండో ప్లేటు మూకుట్లో ఉంటుంది.

"మన పూర్వుల తిండి మంచిది, ఈ విదేశపు తిండి వచ్చి చెడగొట్టింది" అని వెంటనే ఎవరో అంటారు. అంత తొందరపడవద్దు. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది, 1958లో హైదరాబాదుకి వచ్చింది. దాన్ని స్థాపించిన మెకారిసన్ అనే డాక్టరు కూనూరులో ఎలుకలకు ఒక్కొక్క ప్రాంతంవారి భోజనం వండించి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలు ఉన్న పంజాబు సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటె దిట్టంగా పెరిగాయి. ఆ వరసలో చిట్టచివర నిలిచింది మదరాసు తిండి, అంటే అప్పటి మనదీ. కారణం తెల్లగా మరపట్టించిన బియ్యం. తన దేశపు పేదవాళ్ళ తిండినీ ఆయన వదిలిపెట్టలేదు. తెల్లరొట్టె, మార్గరిన్, జాము, చక్కెర టీ, డబ్బా మాంసం పెట్టిన ఎలుకలు గిడసబారి, పెట్టేవాళ్ళను కరిచి, కొన్నాళ్ళకి తమలో బలహీనమైనవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి. (ఎలుకల సంగతి సుమండీ. తొమ్మిదో తరగతి పిల్లల విసుగుకి దీన్ని అన్వయించి నాకు ఉత్తరాలు వ్రాయవద్దు.) అంచేత ఇంట్లో వండినదైనా పెద్ద కుప్ప తెల్లన్నం, దాని మీద కాస్త పచ్చడి, వేపుడు అయితే, బండి దగ్గరి ప్లేటుకి అది దూరపు బంధువేమీ కాదు.

మనకీ బజారు తిండి ఎప్పుడూ ఉంది. పుణుగులు, మిరపకాయ బజ్జీలు, పిడత కింద పప్పు. అవీ నూనెలో వేగినవే. కాని వాటిని పలారం అన్నాం. అవి తిన్నవాడు రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వచ్చి పప్పూ, కూరా, మజ్జిగా తినేవాడు. ఇప్పుడు ఆ భోజనం స్థానంలోకే బండి వచ్చి కూర్చుంది. పప్పు పోయింది, కూర పోయింది, మజ్జిగ పోయింది. నష్టం తిన్నదానివల్ల కంటె తినకపోయినదానివల్ల ఎక్కువ.

పరుగు సంగతి శ్రీవారికి చెప్పండి. పెద్ద చెంచాడు నూనె 120 కెలోరీలు. మీ వాడి బరువుకి గంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది 250 లోపు. రెండు చెంచాల నూనెకి ఒక గంట నడక. గరిటెడు నూనెకీ, కుప్పెడు అన్నానికీ కలిపి లెక్కవేస్తే వాడు తెల్లవారగట్ల బయలుదేరి మీ ఊరినుంచి పక్క తాలూకాకి వెళ్ళి రావాలి. అలాగని ఆటలు వద్దనడం లేదు. కండ కదిలినప్పుడు రక్తంలో చక్కెరను తనంతట తనే లాక్కుంటుంది, ఇన్సులిన్‌ను అంతగా అడగదు. వాడికి కావలసింది సరిగ్గా అదే. కాని తెల్లవారగట్ల నిద్ర చెడగొట్టి, శిక్షలాగా పరుగెత్తించడంవల్ల నాలుగు రోజుల్లో మానేస్తాడు. రాత్రి భోజనమయ్యాక పావుగంట తండ్రీ కొడుకూ కలిసి నడిస్తే మేలు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళమనండి, ఇద్దరినీ.

ఇప్పుడు తప్పు సంగతి. మీ ఉత్తరంలో మధ్యలో, పెద్దగా పట్టించుకోకుండా వ్రాసిన ఒక వాక్యం ఉంది. వాడు ఉదయం ఏడున్నరకి వెడితే స్కూలు, స్టడీ అవర్సు, ఆ పైన ట్యూషను ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకి బయటపడతాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న డబ్బా తరువాత ఎనిమిది గంటలు కడుపులో ఏమీ లేదు. ట్యూషను గేటు ముందర నాలుగు బండ్లున్నాయి. ఆ ఆకలికి, ఆ వాసనకి, ఆ వయసుకి మీరుగాని, నేనుగాని, ఆ డాక్టరుగారుగాని నిలబడగలమా? మీరు ఏడింటికి ఇల్లు చేరతారు. పప్పు కడిగి, కూర తరిగి, పొయ్యి వెలిగించి వండడానికి గంటంబావు పడుతుంది. ఆ గంటంబావు ఇంట్లో నలుగురిలో ఒక్కరిదే అయింది. ఆ ఒక్కరికి ఓపిక లేని రాత్రి బండి భోజనం పెట్టింది. దీనికి ఉద్యోగం చేసే కోడలిని నిందించేవాళ్ళు, ఉద్యోగం చేసే కొడుకుని ఎందుకు నిందించరో నాకు ఏనాడూ అర్థం కాలేదు. కాదమ్మా, తప్పు మీది కాదు. మీ ఇంట్లో ఉన్నది పని పంపకం లోపం.

అంచేత చేయగలిగింది చెబుతాను. ట్యూషనుకి వెళ్ళేముందు, అయిదున్నరకి, వాడి సంచీలో ఒక డబ్బా ఉండాలి. ఉడికించిన శనగలో, అలసందలో, వేరుశనగలో, ఒక జామకాయో. దీనికి వంట అక్కర్లేదు, రాత్రి నానబెట్టి పొద్దున కుక్కరులో పడేయడమే. ఆ పూట ఆకలి సగం తీరితే ఎనిమిదిన్నరకి బండి వాసన సగం తగ్గుతుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులని వ్రాశారు. కూర్చుని బీరకాయ చెక్కు తీయడానికి మోకాళ్ళతో పనిలేదు. ఆవిడ నిష్ఠూరం కాస్త తగ్గేది కూడా చేతికి పని దొరికినప్పుడే. శ్రీవారు మీకంటె అరగంట ముందు ఇల్లు చేరతారట. పప్పూ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడానికి ఏ పట్టా అవసరం లేదు. పప్పు ముద్దగా ఉండాలి, ఆకుకూర అందులోనే పడాలి, అన్నం కొలత తగ్గి కూర కొలత పెరగాలి. ఈ మూడూ జరిగితే వంట సాదాగా ఉన్నా ఫరవాలేదు, రోజూ రెండు కూరలు, చారు, పులుసు చేయనక్కరలేదు.

"ఫాస్ట్ ఫుడ్ బొత్తిగా మాన్పించమంటారా?" అని కూడా అడిగారు. వద్దు. బొత్తిగా మాన్పిస్తే స్నేహితుడి డబ్బులతో తింటాడు, మీకు చెప్పడు. చెప్పకుండా తినడం తిన్నదానికంటె ప్రమాదం. పదిహేను రోజులకొకసారి అందరూ కలిసి వెళ్ళండి. ఇంటిదగ్గర మజ్జిగో, దోసకాయ ముక్కలో తిని వెళ్ళండి. ఒక ప్లేటు ఇద్దరికి. కూర్చుని తినండి, నిలబడి కాదు. సాసు సీసా మళ్ళీ వంచనివ్వకండి. బండి అతన్ని నూనె తగ్గించమని అడగండి. పదిమంది అడిగితే అతనూ పక్క బండి భయం మానుకుంటాడు.

పద్నాలుగేళ్ళవాడికి కుక్కరు పెట్టడం కూడా నేర్పండి. ఆదివారం సున్నిపిండికి పోయే అరగంట దీనికి సరిపోతుంది. మూడు కూతలు లెక్కపెట్టడం వాడి ఆల్జీబ్రాకంటె సులువు. తను వండినది వాడు ఆరు నిమిషాల్లో తిని లేవడు, ఎలా ఉందని అందరినీ అడుగుతూ కూర్చుంటాడు.

హెచ్‌బిఏ1సి అనేది రెండు మూడు నెలల చక్కెర సగటు. వారానికొకసారి పరీక్ష చేయించి కంగారుపడకండి. దీపావళి వెళ్ళాక ఒకసారి చేయించి, ఆ అంకె ఎంత వచ్చినా నాకు వ్రాయండి. మెడ మీది నలుపు తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఈలోగా దాని గురించి వాణ్ణి ఎవరూ, ముఖ్యంగా చుట్టాల ముందర, ఏమీ అనకుండా చూడండి.